బాసరకు పోయిన బొంత

నేను టైలర్ని. సిరిసిల్లలో 28 ఏళ్ళుగా ప్యాంట్లూ షర్టులూ కుడుతున్నాను. పెళ్ళి సూట్లు కుట్టాను, పోలీసోళ్ళ యూనిఫాంలు కుట్టాను, ఒకసారి నాటకం వాళ్ళకు రాజుగారి అంగీ కూడా కుట్టాను. బొంత మాత్రం మొన్నటి ఎండాకాలం దాకా కుట్టలేదు. టైలర్ దగ్గరికి బొంత కోసం ఎవరొస్తారు?

మా అమ్మ వచ్చింది.

మా చెల్లె బిడ్డ పదో తరగతి మార్కులు వచ్చిన రోజది. అందరం ఫోన్లు పట్టుకుని మార్కులు చూస్తుంటే అమ్మ షాపు గడప మీద కూర్చుని, "పిల్లకు బొంత కుట్టాలెరా" అంది. సీటు వస్తుందో రాదో, వస్తే ఎక్కడ వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. లిస్టు రావడానికి ఇంకా చాలా రోజులుంది. "యాడికో కాడికి పోతది గద. ఉట్టి చేతులతోని పోతదా?" అని అమ్మ లెక్క.

చివరికి పోయింది బాసరకే. బాసర ట్రిపుల్ ఐటీ సంగతి తెలియనివాళ్ళకు: 2008లో నూజివీడు, ఇడుపులపాయలతో పాటు పెట్టారు దాన్ని. పదో తరగతి అయిపోగానే తీసుకుంటారు. రెండేళ్ళు ఇంటరు లాంటి చదువు, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే హాస్టల్. అంటే పదిహేనేళ్ళ పిల్ల ఇల్లు విడిచి వెళ్తే మళ్ళీ ఇరవై ఒకటో ఏట బయటికొస్తుంది. మా పిల్లకు పలక పట్టించింది కూడా బాసర సరస్వతమ్మ గుడిలోనే. ఆ రోజు బియ్యంలో "ఓం" రాయించబోతే చెయ్యి విదిలించుకుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. ఇప్పుడు అదే ఊరికి ఇనుప పెట్టె పట్టుకుని పోతుందంటే చెల్లె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

సరే, బొంత.

బొంతకు ముందు కావలసింది పాత నూలు చీర. కొత్తది పనికిరాదు. వంద ఉతుకులు తిని, గంజి పోయి, నీళ్ళు తాగి తాగి మెత్తబడిన చీర కావాలి. పుట్టిన బిడ్డను కూడా అలాంటి బట్టలోనే చుడతారు కదా, అదే బట్ట. "చీరలే కదమ్మా, చెల్లె ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి" అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు అర్థం తర్వాత తెలిసింది.

చెల్లె బీరువా తీసి మంచం మీద చీరలు కుప్ప పోశాం. అరవై పైనే ఉన్నాయి. ఒక్కొక్కదాని కొంగు వేళ్ళ మధ్య నలిపి చూశాను. నూలైతే నలిగిన గుర్తు ఉండిపోతుంది, పాలిస్టరైతే ఏమీ ఎరగనట్టు లేచి నిలబడుతుంది. అనుమానం ఉన్న వాటి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించాను. నూలు పోగు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరు ముద్దయి, చల్లారాక నల్ల పూస కడుతుంది. ఆ సాయంత్రం చెల్లె ఇంట్లో గచ్చు మీద అన్నీ నల్ల పూసలే. బతుకమ్మ చీరలు నాలుగు కనిపించాయి, 2017 నుంచి కొన్నేళ్ళు సర్కారు పంచినవి. ఆ ఆర్డర్ల మీదే మా ఊళ్ళో సాంచలు ఆ రోజుల్లో నడిచాయి. (సాంచ అంటే పవర్‌లూమ్. బయటి ఊళ్ళవాళ్ళ కోసం చెబుతున్నాను.) అవీ పాలిస్టరే.

మాది బట్టల ఊరు. పొద్దున లేస్తే సాంచల చప్పుడు, పడుకుంటే సాంచల చప్పుడు. మా బాపు ముప్పై ఏళ్ళకు పైగా సాంచ నడిపాడు. ఆ చప్పుడుకు ఆయనకు చివరి రోజుల్లో చెవులు వినిపించేవి కావు. అలాంటి ఊళ్ళో, అరవై చీరలున్న ఇంట్లో, ఒక్క బొంతకు సరిపడా నూలు చీర దొరకలేదు.

"పాలిస్టరుతో కుడితే ఏమైతదే?" అని చెల్లె అమ్మను అడిగింది. అమ్మ జవాబు చెప్పలేదు. నేను చెప్పాను: పొర మీద పొర నిలవదు, జారిపోతుంది. చెమట పీల్చదు. చలికాలం ఒంటికి చల్లగా తగులుతుంది, ఎండాకాలం ఉక్క పోస్తుంది. ఇదంతా నేనే కనిపెట్టినట్టు చెప్పాను గానీ, నిజానికి టెర్లిన్ చొక్కాలు కుట్టించుకుని ఎండాకాలం తిట్టుకున్న కస్టమర్లు నేర్పిన విద్య అది.

చివరికి అమ్మ తన పెట్టె తీసింది. మూడు నూలు చీరలున్నాయి. ఒకటి ఆకుపచ్చది, ఎర్ర అంచు. ఒకటి వంకాయ రంగు, ఉతికి ఉతికి బూడిద రంగుకు తిరిగింది. రెండూ ఇచ్చింది. మూడోది మడత పెట్టి మళ్ళీ పెట్టెలో అడుగున పెట్టింది. "ఇది నాకు కావాలె" అంది. ఎందుకని మేమెవ్వరం అడగలేదు.

అస్తరుకు బాపు ధోతి తీసింది. అక్కడ చిన్న గొడవైంది. పోయినవాళ్ళ బట్ట చదువుకోబోయే పిల్ల మీద ఎట్లా కప్పుతారని చెల్లె. అమ్మ దారం చూసుకుంటూనే అంది: "బతికున్నప్పుడు కట్టిన ధోతి అది. సచ్చినంక కట్టలే గద."

ఇక ఆ మాట మీద ఎవరేమంటారు?

లెక్క నాకు తెలిసిన పనే కాబట్టి టేపు తీశాను. చీర ఐదున్నర మీటర్లు, మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 72 అంగుళాలు, సరిగ్గా ఆరడుగులు. వెడల్పు 45. రెండు చీరలకు ఆరు పొరలు. ధోతి నాలుగు గజాలు, మధ్యకు మడిస్తే అదీ 72 అంగుళాలే. రెండు పొరలు. పైన ముక్కల పొర ఒకటి. మొత్తం తొమ్మిది. ధోతి వెడల్పు చీర కన్నా 5 అంగుళాలు ఎక్కువ, ఆ మిగులును రెండు పక్కలా పైకి మడిస్తే అదే అంచు. ఇంత చక్కగా కుదురుతుందని నేను అనుకోలేదు. ఎవరో కొలిచి పెట్టినట్టుంది. అమ్మకు చెబితే "బొంత గట్లనే ఉంటది" అంది, ఇందులో వింతేముందన్నట్టు.

పైపొరకు ముక్కలు. షాపులో కత్తిరింపు ముక్కల గోనెసంచి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కానీ అమ్మ ఊరివాళ్ళ ప్యాంటు ముక్కలు వద్దంది. పిల్లవే కావాలంది. ఆరు నుంచి పది దాకా దాని స్కూలు యూనిఫాంలు కుట్టింది నేనే, కురచైన గళ్ళ చొక్కాలు చెల్లె దాచింది. ఐదో పుట్టినరోజు గౌను. బావ మస్కట్ నుంచి వచ్చినప్పుడల్లా కట్టుకునే లుంగీ, మోకాలి దగ్గర చిరిగినది. నేను అట్ట ముక్క కోసి, దాని ప్రకారం ఐదంగుళాల చతురస్రాలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఇరవై ముక్కలు అయ్యాక అమ్మ వచ్చి చూసి, "అంగడిల పెట్టి అమ్ముతవా?" అంది. బట్ట ఎంతుంటే అంత ముక్క, చిరిగిన చోట వదిలేసి మిగతాది వాడుకోవాలి, దాన్ని కొలతకు కోసి మళ్ళీ పేలికలు పారేస్తే ఇక అది బొంతెందుకవుతుంది అని ఆమె వాదం. ఆ ఇరవై చతురస్రాలు మధ్యలో పెట్టి, చుట్టూ తనకు నచ్చినట్టు అతికించింది. ఇప్పుడు చూస్తే ఆ మధ్య భాగమే బడిపిల్లలు వరస కట్టినట్టు బిగుసుకుని కనిపిస్తుంది.

మిషన్ మీద కుట్టి పడేద్దామని ఒక ప్రయత్నం చేశాను. ఒప్పుకుంటున్నాను. అమ్మ మధ్యాహ్నం పడుకున్నప్పుడు. తొమ్మిది పొరలు పాదం కింద దూర్చి, 18 నంబరు సూది వేసి తొక్కాను. మిషన్ అడుగు పండ్లు కింది బట్టను లాగుతాయి, పైన పాదం పై బట్టను ఆపుతుంది. రెండు పొరలైతే చేత్తో సర్దుకోవచ్చు. తొమ్మిది పొరల్లో ధోతి ముందుకు పోయింది, గళ్ళ ముక్కలు వెనకబడ్డాయి, మధ్యలో చీరలు ఎటూ తేల్చుకోలేక ముడతలు పడ్డాయి. జానెడు కుట్టేసరికి సూది విరిగింది. ఆ జానెడు కుట్టు విప్పడానికి గంట పట్టింది. అమ్మ లేచి సూది ముక్క చూసింది. ఏమీ అనలేదు. ఏమన్నా అంటే బాగుండేది.

దారం కోసం పక్కింటి ఆసామి (సాంచల యజమాని) దగ్గరికి పోయాను. ఆయన షెడ్డులోనూ పాలిస్టరే నడుస్తోంది గానీ, ఎప్పటిదో నూలు కండె ఒకటి అటక మీద దొరికింది. అమ్మ నాలుగు పోగులు కలిపి, తొడ మీద పెట్టి అరచేత్తో పేనింది. దానికి కొవ్వొత్తి రుద్దాను. అలా అయితే దారం పొరల్లోంచి జారుతుంది, పీచు లేవదు. దబ్బనం వాడదామంటే అది గోనెసంచులకు, బట్టకు పెద్ద పెద్ద బొక్కలు పడతాయి అంది. పొడుగు సూది, వేలికి నా పాత అంగుస్తానా.

తర్వాత ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్న దాని మీద కొట్లాడుకున్నాం. నడుమ నుంచి అంచుల వైపు పోతే ఉబ్బులు బయటికి వెళ్ళిపోతాయి, ఇది నా చదువు. అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి పోవాలి, గానుగెద్దు తిరిగినట్టు, ఇది అమ్మ చదువు. అంచు ముందు బిగిస్తే నడుమ గుట్ట లేస్తుంది కదా అన్నాను. "అరచెయ్యి ఎందుకున్నది?" అంది. చివరికి నడుమ నుంచి టాకాలు (పొరలు కదలకుండా ముందు వేసే పొడుగు కుట్లు) నేను వేశాను, అంచు నుంచి కుట్టు ఆమె వేసింది. ఎవరి మాట నెగ్గిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

అంగుళానికో వరస అనుకున్నాం. 72 గుణించి 45, 3,240 అంగుళాలు. అంటే 82 మీటర్ల కుట్టు. అంగుళానికి మూడు పోట్లు వేసినా పదివేలకు కాస్త తక్కువ. నేను ఈ లెక్క గొప్పగా చెబితే అమ్మ నవ్వింది. ఆమె వయసులో ఉన్నప్పుడు రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. మా ఊళ్ళో మగవాళ్ళు సాంచకు, ఆడవాళ్ళు బీడీలకు. "పదివేలంటే పది దినాల బీడీలు. గంతేగా" అంది.

పది రోజులు కాలేదు, 23 సాయంత్రాలు పట్టింది. షాపు కట్టేశాక అరుగు మీద బొంత పరిచి, ఆమె ఒక మూల, నేనొక మూల. అందులో ఒక సాయంత్రం పూర్తిగా వృథా. నా అలవాటు ప్రకారం దారం బిగించి లాగి కుట్టాను. వరస అద్దంలా వచ్చింది. అమ్మ వేలితో తట్టి, "విప్పు" అంది. "గట్టిగ గుంజినవు. అట్టముక్క లెక్క అయితది. లోపట గాలి ఉంటెనే వెచ్చగుంటది." ఇరవై ఎనిమిదేళ్ళు దారం బిగించి లాగిన చెయ్యికి సగంలో ఆగడం ఎంత కష్టమో నాకు ఆ వారం తెలిసింది. ఇప్పుడు బొంత తిరగేసి చూస్తే ఎవరి కుట్టు ఎవరిదో చెప్పేయొచ్చు. ఆమెది వంకర, మెత్తన. నాది తిన్నన, మొదటి మూడు వరసలు బిర్రు.

పిల్ల మా పక్కనే కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేది. అమ్మ కళ్ళకు సూది బెజ్జం ఆనదు. దారం ఎక్కించడం, ఫోన్ చూసుకోవడం, మళ్ళీ దారం ఎక్కించడం. బొంత వద్దని ఒక్కసారీ అనలేదు. ఒకరోజు మాత్రం, "మామా, దీనికి కవర్ కుడతవా? జిప్పుది?" అంది.

"కవరెందుకు?"

"ఖరాబు గాకుంట."

ఆమె మొహం చూస్తే కారణం అది కాదని తెలుస్తూనే ఉంది. బొంత అంటే బీదతనం. మా చిన్నప్పుడు బొంత కప్పుకునే ఇల్లు, రజాయి కప్పుకునే ఇల్లు అని రెండు రకాలు. పెళ్ళి సంబంధాల్లో "గంతకు తగ్గ బొంత" అని నవ్వుతారు, ఆ మాటలో బొంతకేమీ గౌరవం లేదు. పైగా వాళ్ళింట్లో దుబాయి బ్లాంకెట్ ఉంది. మా వైపు గల్ఫ్ పోయి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఉంటుంది, జిప్పు సంచిలో, గులాబీ పూలో పులి బొమ్మో వేసి. బావ వీడియో కాల్లో "అదే పంపుండ్రి, బొంతేంది?" అన్నాడు కూడా. దాన్ని పెట్టెలో పెట్టి చూశాం. మూత పడలేదు. మూత మీద చెల్లె కూర్చున్నా పడలేదు. హాస్టల్ బకెట్లో దాన్ని ఎట్లా ఉతుకుతుందో ఎవరూ ఆలోచించలేదు. బొంతైతే కిలోన్నర ఉందో లేదో, మడిస్తే పెట్టె అడుగున దుస్తుల కింద పరుపులా సర్దుకుంది.

కస్టమర్ అడిగింది కుట్టడం నా పని. నీలం షర్టింగ్ గుడ్డతో కవర్ కుట్టాను. జిప్పు మంచిది వేశాను.

ఆఖరి వరస అయిన రోజు సూదులు లెక్కపెడితే ఐదింటికి నాలుగే ఉన్నాయి. బట్టలో సూది పోతే ఏమవుతుందో టైలరుకు చెప్పక్కరలేదు. కిందపడిన సూదులు ఏరే అయస్కాంతం తెచ్చి బొంత అంతా అంగుళం అంగుళం తడిమాను, రెండు వైపులా, మూలల్లో రెండేసి సార్లు. చెల్లె టార్చి పట్టుకుంది. గంట గడిచాక పిల్ల, "అమ్మమ్మా, నీ జాకెట్ మీదున్నది ఏంది?" అంది. భుజం దగ్గర గుచ్చుకుని ఉంది, దారంతో సహా.

కామారెడ్డిలో రైలెక్కాం. గోదావరి వంతెన మీద అందరితో పాటు పిల్ల కూడా రూపాయి బిళ్ళ వేసింది. గదిలో పెట్టె దించి, మంచం మీద దుప్పటి పరిచి, చెల్లె ఏడ్చి, నేను బయట చెట్టు కింద నిలబడి, తిరిగి వచ్చేశాం. బొంత పెట్టెలోంచి బయటికి రావడం నేను చూడలేదు.

దసరాకు ఇంటికి వచ్చింది. లెక్కల సారు సంగతి చెప్పింది, మెస్సులో కూరల సంగతి చెప్పింది, బతుకమ్మ ఆడింది. బొంత ఊసెత్తలేదు. అమ్మ అడగలేదు. నన్ను అడగనివ్వలేదు.

చలి మొదలైంది. ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో మా తెలంగాణ వాళ్ళకు వేరే చెప్పాలా. మొన్న ఆదివారం షాపులో ఉండగా ఫోనొచ్చింది.

"మామా, బొంత ఎట్ల ఉతకాలె?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ ఫోన్ లాక్కుంది. మిషన్‌లో వెయ్యొద్దని, ఊరికూరికే ఉతకొద్దని, వారానికోసారి ఎండకు వేస్తే చాలని, ఉతికితే బకెట్లో నానబెట్టి కాళ్ళతో తొక్కాలని, పిండేటప్పుడు ఇద్దరు రెండు కొసలు పట్టుకోవాలని, ఒక్కదానివే మెలేస్తే కుట్లు తెగుతాయని, పావుగంట చెప్పింది. అవతల పక్క గది పిల్లలు కూడా వింటున్నట్టున్నారు. ముథోల్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉందట, వాళ్ళింట్లో మరాఠీ. దీన్ని చూసి "మా అజ్జి గోదడి" అని ఒక మూల తను లాక్కుందట. రాత్రిళ్ళు ఇద్దరూ అదే కప్పుకుని చదువుకుంటున్నారట.

అమ్మ ఫోన్ తిరిగి ఇచ్చాక అడిగాను: "మరి కవర్ ఏం చేసినవ్ బిడ్డా?"

"అండ్ల విడిచిన బట్టలు ఏస్తున్న మామా. జిప్పు మస్తున్నది."